పాత రాతి ఇండ్లు, భూకంపం: పాలమూరు, నల్లగొండ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 4న పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం అడవుల వైపు 5.3 తీవ్రతతో భూమి కదిలింది. హైదరాబాద్ దాకా మంచాలు ఊగాయి. మూడు రోజులకే, 7వ తేదీ మధ్యాహ్నం, మహబూబ్‌నగర్ జిల్లాలో 3.0 తీవ్రతతో ఇంకొకటి. ఆ వారం నా ఫోన్ ఆగలేదు. సివిల్ పనుల్లో ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ని, పైగా దేవరకొండ పక్క పల్లెలో మా నాన్న కట్టిన రాతి ఇంట్లోనే ఇంకా ఉంటున్నవాణ్ని. అందుకని చుట్టాలు, పాత మేస్త్రీలు, వాళ్ల చుట్టాలు అందరూ నన్నే అడిగారు. ఒక్కొక్కరికి చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నా. పిల్లర్లు, బీములు లేకుండా గోడల మీదే కప్పు నిలబడ్డ ఇండ్ల గురించే ఇదంతా. అపార్ట్‌మెంట్ల సంగతి వేరు.

మనది జోన్ 2 కదా, మనకెందుకీ టెన్షన్?

2016 నాటి భూకంప కోడ్ ఐఎస్ 1893 (ఐఎస్ అంటే ఇండియన్ స్టాండర్డ్) మ్యాప్‌లో నల్లగొండ, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జోన్ 2లో ఉన్నాయి. అందులో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్ అదే. భద్రాచలం వైపు జోన్ 3. టెన్షన్ పడి ఇల్లు వదిలిపోవాల్సిన పరిస్థితి మనకు లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

అయితే కిల్లారి సంగతి ఒకటుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, 4 గంటలకు కాస్త ముందు, మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర భూమి కదిలింది. ముందు రోజు వినాయక నిమజ్జనం. జనం రాత్రి పొద్దుపోయేదాకా ఊరేగింపులో తిరిగి వచ్చి, అలసిపోయి నిద్రపోతున్నారు. తీవ్రత 6 కొంచెం దాటింది, అంతే. దాదాపు పది వేల మంది పోయారు. అప్పటి మ్యాప్‌లో ఆ ఊళ్లు జోన్ 1లో ఉండేవి, అంటే అప్పటి లెక్కలో అందరికన్నా భద్రమైన చోట. 2002లో కోడ్ మార్చినప్పుడు జోన్ 1 అనేదాన్నే ఎత్తేశారు. కిల్లారి మహబూబ్‌నగర్‌కు నేరుగా కొలిస్తే రెండు వందల కిలోమీటర్ల చిల్లర దూరం. అక్కడి ఇండ్లు ఎట్లుండేవంటే, మందపాటి రాతి గోడలు, మట్టి అడుసు, పైన మట్టి మిద్దె. ఎక్కడో చూసినట్టుంది కదా?

మ్యాప్ మన నేల గురించి చెబుతుంది. గోడ గురించి చెప్పేది గోడే.

మన దగ్గర ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చాయా?

వచ్చాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7. 1983లో మేడ్చల్ దగ్గర 4.8. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల దగ్గర 4.6. అప్పుడు సూర్యాపేట జిల్లా చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో చిన్న చిన్న కదలికలు రోజుల తరబడి వస్తూనే ఉన్నాయి, జనం చలిలో బయట పడుకున్నారు. 2021 జులై 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో 4.0.

ఈ అంకెలను మార్కుల్లా చూడొద్దు. ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి 32 రెట్లు పెరుగుతుంది. 2024లో మహబూబ్‌నగర్‌లో వచ్చిన 3.0కీ, మేడారం దగ్గర వచ్చిన 5.3కీ మధ్య తేడా రెండు వేల రెట్లకు పైనే. ఇంకొక సంగతి, మన కింద ఉన్నది గట్టి నల్లరాయి. మెత్తటి నేలలో ఊపు తొందరగా చచ్చిపోతుంది, గట్టి రాతిలో చాలా దూరం పోతుంది. మేడారంలో కదిలితే హైదరాబాద్‌లో తెలిసింది అందుకే.

డ్యాముల వల్ల వస్తాయంటారు, నిజమేనా?

పెద్ద జలాశయాల్లో నీళ్లు నిండినప్పుడు చుట్టుపక్కల కదలికలు పెరిగిన ఉదాహరణలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మన దేశంలో మహారాష్ట్రలోని కొయనా డ్యాము పేరు మొదట చెబుతారు, అక్కడ 1967 డిసెంబరు 11న భూకంపం వచ్చింది. నీటి బరువు, పగుళ్లలోకి దిగే నీటి ఒత్తిడి కలిసి, అప్పటికే బిగుసుకుని ఉన్న పగులును జారేలా చేస్తాయి. అయితే ప్రతి కదలికకూ డ్యామును తిట్టడం సరికాదు. మీ గోడకు కారణంతో పని లేదు కూడా.

మా ఊరి పక్కన క్వారీ బ్లాస్టింగ్ జరుగుతుంది. ఇల్లు అదిరింది భూకంపానికా, దానికా?

హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనులున్నాయి, కాబట్టి ఈ ప్రశ్న ఎక్కువ అక్కడి నుంచే వస్తుంది. బ్లాస్టింగ్ పగటిపూట, ఇంచుమించు ఒకే వేళకు జరుగుతుంది. చప్పుడు, అదురు రెండూ ఒక్క దెబ్బతో అయిపోతాయి, నాలుగు ఊళ్ల అవతలివాళ్లకు తెలియదు. అనుమానంగా ఉంటే వేళ రాసి పెట్టుకోండి. నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వాళ్ల భూకంప్ యాప్‌లో చూసుకోవచ్చు. ఉప్పల్‌లో భూమి కదలికలను పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ సంస్థ కూడా ఉంది. కానీ రోజూ అదిరే గోడకు జాయింట్లలో మట్టి రాలిపోతుంటుంది. బ్లాస్టింగే కదా అని వదిలేయొద్దు.

మా గోడ అడుగున్నర మందం. నా మనవడి కాలం దాకా కదలదు అని తాత అనేవాడు. అది గట్టిది కాదా?

అందరికన్నా ఎక్కువ మంది అడిగింది ఇదే. జవాబు వినగానే అందరూ నా మీద కోపం చేసుకున్నారు.

మనకు అడుగున్నర మందం గోడ కనిపిస్తుంది. చాలా ఇండ్లలో నిజానికి అవి రెండు గోడలు. బయట ముఖానికి మంచి రాళ్లు చూసి ఒక వరస, లోపలి ముఖానికి ఇంకొక వరస, రెంటి నడుమ గులకరాళ్లు, చిప్పలు, మట్టి పోసి నింపేస్తారు. ఈ రెండు వరసలను పట్టి ఉంచేందుకు, గోడకు అడ్డంగా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాళ్లు మధ్యమధ్య పెట్టాలి. మేస్త్రీలు త్రూ రాయి అంటారు. ఐఎస్ 13828 ప్రకారం ఎత్తులో ప్రతి 60 సెంటీమీటర్లకు, పొడవులో ప్రతి 120 సెంటీమీటర్లకు ఒకటి ఉండాలి. పాత వడ్డెర మేస్త్రీలకు కోడ్ చదవకుండానే ఇది తెలుసు, మంచి గోడల్లో పెట్టారు కూడా. కానీ పొడుగు రాయి దొరకడం కష్టం, కొట్టడం కష్టం, ఖర్చు. ఇంటి యజమాని పక్కన లేనప్పుడు ఎగ్గొట్టేదీ అదే రాయి.

భూమి కదిలినప్పుడు నడుమ పోసిన చిప్పలు కిందికి సర్దుకుంటాయి. జొన్నల సంచిని కొట్టి కుదిస్తే పక్కలు ఉబ్బుతాయి చూడండి, అదే పని గోడలో జరుగుతుంది. బయటి వరస బయటికి, లోపలి వరస లోపలికి పొట్ట వేసుకొని విడిపోతాయి. మందం ఎంత ఉంటే లోపల నింపుడు అంత ఎక్కువ.

రెండోది బరువు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, అడుగున్నర మందం రాతి గోడ పది టన్నులకు దగ్గర తూగుతుంది. జోన్ 2కు కోడ్ వేసుకున్న నేల ఊపు భూమ్యాకర్షణలో పదో వంతు. మోటుగా చెప్పాలంటే, ఆ గోడను పక్క నుంచి ఒక టన్ను బలంతో ఎవరో అటూ ఇటూ తోస్తున్నట్టు. కిందికి దిగే బరువును మోయడంలో రాతి గోడను మించింది లేదు. పక్కకు తోస్తే పట్టుకునేందుకు మట్టి అడుసులో ఏముంది? తేలిక ఇంటికి తక్కువ తోపు, బరువు ఇంటికి ఎక్కువ తోపు. కిల్లారి వైపు రాతి ఇండ్లు కుప్పకూలిన చోట గడ్డి గుడిసెలు నిలబడ్డాయి.

మూడోది మూలలు. నాలుగు గోడలు ఒక పెట్టెలాగా కలిసి ఉంటే, ఒక గోడ పడబోతే పక్క గోడ పట్టుకుంటుంది. మూలల దగ్గర రాళ్లు ఒకదాన్నొకటి కరిచి ఉండకపోతే ప్రతి గోడా ఒంటరిది, పేక ముక్క నిలబెట్టినట్టు.

తాత మాట పూర్తిగా తప్పు కాదు. ఆయన కాలంలో గోడను ఎవరూ పక్కకు తొయ్యలేదు.

మిద్దె మీద ఏటా చౌడు మట్టి పోస్తాం. అది కూడా తప్పేనా?

వాన కురవకుండా చౌడు పోసి దిమ్మిస కొట్టడం పాత పద్ధతే. చిక్కు ఎక్కడంటే, పాతది తీయకుండానే కొత్తది పోస్తారు. మా చిన్నాయన ఇంట్లో ఒక మూల తవ్వి చూస్తే అడుగు పైన మట్టి ఉంది, పొరలు పొరలుగా, చెట్టు వయసు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టొచ్చు. పన్నెండు అడుగులకు పది అడుగుల గది మీద అడుగు మట్టి అంటే అయిదారు టన్నులు, అదీ ఎండినప్పుడు. వానకు నానితే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా ఇంటి నెత్తిన ఉండి ఊగుతుంది.

ఒక్క రూపాయి సిమెంటు కొనకుండా ఇంటికి చేయగల మేలు పైనున్న పాత మట్టిని దించడం. ఒకే పక్క నుంచి మొత్తం తీయొద్దు, దూలాలు ఒరుగుతాయి. రెండు పక్కల నుంచి సమంగా, కొంచెం కొంచెంగా దించాలి. దూలాలు, దంతెలు, చెక్కలు బయటపడ్డాక వాటి చివర్లు చూడండి. గోడలోకి దూరిన చోటే తేమ పట్టి, చెదలు తిని ఉంటాయి. ఆ తర్వాత నాలుగు అంగుళాలు మించకుండా మట్టి, నడుమ మందపాటి ప్లాస్టిక్ షీటు, నీళ్లు పోవడానికి వాలు. అంతే.

నా ఇల్లు ఎట్లుందో నేనే చూసుకోవచ్చా?

చాలా వరకు చూసుకోవచ్చు. దారానికి గుండు కట్టి గోడ పైనుంచి వేలాడదీయండి. మధ్యలో గోడ దారాన్ని తోస్తుంటే పొట్ట వేసిందన్నమాట. అది అన్నిటికన్నా చెడ్డ గుర్తు, పగులు కన్నా చెడ్డది. గోడను సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టి చోట ఖణేలుమంటుంది, విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. రెండు గోడలు కలిసే మూలలో పై నుంచి కిందికి నిలువు పగులు ఉంటే గోడలు ఒకదాన్నొకటి వదిలేశాయి. కిటికీ, దర్వాజ మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే పగులు ఉంటే గోడ పొడవు వెంట ఒత్తిడి పడుతోంది.

గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి నేలల్లో ఇంకొక రకం ఉంటుంది. ఎండాకాలం విచ్చుకొని వానాకాలం మూసుకునే పగుళ్లు అవి. నేల ఉబ్బి, కుంగడం వల్ల వస్తాయి, భూకంపానికి సంబంధం లేదు. తేడా తెలియాలంటే పగులుకు అడ్డంగా చిన్న అద్దం ముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. అద్దం పగిలితే పగులు ఇంకా బతికే ఉంది. ఏడాది పొడవునా చూస్తే ఏ కాలంలో కదులుతుందో తెలుస్తుంది. పొట్ట వేసిన గోడకు మాత్రం ఏడాది ఆగొద్దు, ఇంజినీరును పిలవండి.

ఇంకా చూడాల్సింది కిటికీలు. మూలకు ఆనుకొని కిటికీ పెట్టిన గోడ, సగానికి పైగా తలుపులు, కిటికీలే ఉన్న గోడ బలహీనం. ఒంటి అంతస్తు ఇంట్లో ఖాళీలు గోడ పొడవులో సగం దాటొద్దు. షాపుకు అద్దెకివ్వడానికి వీధి వైపు గోడ తీసేసి షట్టర్ పెట్టిన పాత ఇండ్లు మన పట్నాల్లో కొల్లలు. వాటి గురించి నాకు నిద్ర పట్టదు.

భూకంపం ఎప్పుడొస్తుందో ఏమో. దానికి ఇప్పుడే డబ్బు పెట్టాలా?

నిజమే, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. చెబుతామన్నవాళ్లను నమ్మొద్దు. కానీ వాన ఎప్పుడొస్తుందో తెలుసు కదా. మన జిల్లాల్లో ముసురు పట్టిన ప్రతి ఏడూ నానిన పాత గోడ రాత్రి పూట కూలి నిద్రలోనే మనుషులు పోయిన వార్త ఎక్కడో ఒకచోట వస్తుంది. ఆ గోడను పడగొట్టే కారణాలు, భూకంపంలో పడగొట్టేవి చాలా వరకు ఒకటే. విడిపోయిన వరసలు, పట్టు లేని మూలలు, నెత్తిన బరువు, అడుగున తేమ. అందుకే నేను భూకంపం పేరు చెప్పి ఎవరినీ ఖర్చు పెట్టమనను. వాన కోసం చేయండి. భూకంపానికి కూడా పనికొస్తుంది.

రెట్రోఫిట్టింగ్ అంటే ఇంటికి ఏం చేస్తారు?

పడగొట్టకుండా, ఉన్న గోడలకే బలం కట్టడం. పాత ఇటుక, రాతి కట్టడాలకు ఎట్లా చేయాలో ఐఎస్ 13935 అనే కోడ్‌లో ఉంది. దాని అసలు సూత్రం బుట్ట అల్లేవాళ్లకు కొత్తేమీ కాదు, చుట్టూ పట్టీ వేసి బిగించడం.

కొత్త ఇంట్లో అయితే కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ, అంటే లింటెల్ బ్యాండ్ పోస్తాం. పాత గోడలో దాన్ని దూర్చలేం కాబట్టి బయటి నుంచి కడతాం. కిటికీల పైన, మళ్లీ కప్పు కింద, సుమారు అడుగు వెడల్పున గిలాబు (ప్లాస్టరు) కొట్టేసి రాయి బయటపెట్టాలి. జాయింట్లలో మట్టిని అర అంగుళం లోతు గీకి, ఇనుప బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడగాలి. సిమెంటు పాలు పూసి, ఒకటికి మూడు పాళ్ల సిమెంటు, దొడ్డు ఇసుకతో అర అంగుళం మొదటి పూత. అది పచ్చిగా ఉండగానే వెల్డ్ మెష్ ఇనుప జాలి పరిచి, ఆరంగుళాల మేకులతో అడుగుకొకటి చొప్పున జాయింట్లలోకి కొట్టాలి. పైన ఇంకొక పూత, జాలి ఎక్కడా కనబడకుండా. జాలి ముక్కలు కలిసే చోట అడుగు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. మూల దగ్గర జాలిని కోయకుండా తిప్పాలి. పట్టీ మూలలో తెగిందంటే పెట్టిన డబ్బు వృథా. సుతారి మేస్త్రి కోసేది సరిగ్గా అక్కడే, వంచడం కష్టమని. ఆ పూట మీరు అక్కడే కుర్చీ వేసుకొని కూర్చోండి.

ఇట్లాంటిదే మూలల దగ్గర నిలువుగా, పునాది నుంచి కప్పు దాకా. వీలైతే గోడకు లోపలా బయటా రెండు వైపులా పట్టీ వేసి, రెంటినీ గోడ గుండా పోయే కమ్మీలతో కలపాలి. కనీసం పది రోజులు క్యూరింగ్, అంటే నీళ్లతో తడుపుతూ ఉండడం.

ఒక మాట. పొట్ట వేసిన గోడకు పట్టీ వేయొద్దు. కప్పుకు జాక్‌లు పెట్టి, ఆ ముక్క గోడను విప్పి, త్రూ రాళ్లతో మళ్లీ కట్టాకే పట్టీ.

త్రూ రాళ్లు లేని గోడలో ఇప్పుడు పెట్టొచ్చా?

రాయి పెట్టలేం, కాంక్రీటుతో పోయొచ్చు. లాతూర్ తర్వాత రాతి ఇండ్లకు చెప్పిన పద్ధతి ఇది. గోడలో ఒక రాయిని కదిలించి మెల్లగా తీస్తారు, తర్వాత లోపలి నింపుడు, అవతలి ముఖం రాయి. మూడు అంగుళాల రంధ్రం ఆరుపారు అవుతుంది, రెండు ముఖాల దగ్గర కొంచెం వెడల్పుగా ఉంచుతారు. అందులో రెండు చివర్లా కొక్కెం వంచిన 8 మిల్లీమీటర్ల కమ్మీ పెట్టి, చుట్టూ కాంక్రీటు కూరుతారు. గట్టిపడ్డాక అది డంబెల్ ఆకారంలో రెండు వరసలనూ పట్టుకుంటుంది. సుమారు మీటరుకొకటి, ఒక వరసలో పెట్టిన చోటికి పై వరసలో పక్కకు జరిపి.

సమ్మెట వాడనివ్వొద్దు. సన్న గడ్డపార, చేతులతో మాత్రమే తీయాలి. ఒకే రోజు పక్కపక్కన రెండు రంధ్రాలు చేయొద్దు. మా ఇంటి ఉత్తరపు గోడకు ఇట్లా పెట్టించాను. మొదటి రెండు రంధ్రాలకు రోజంతా పట్టింది, చేయి తిరిగాక రోజుకు ఆరు. దేశమంతా డ్యాములు కట్టి వచ్చిన పాలమూరు మేస్త్రీలకు ఇది పెద్ద పని కాదు, ఒకసారి చూపిస్తే చాలు.

అదంతా ఎందుకు, గోడ మొత్తం సిమెంటు గిలాబు చేస్తే సరిపోదా?

నేనూ అదే అనుకున్నా, ఇంజినీరునై ఉండి. 2009లో మా ఇంటి పడమటి గోడకు బయటంతా సిమెంటు గిలాబు చేయించాను. మూడో వానాకాలానికి పలకలు పలకలుగా ఊడింది. అప్పుడు కనబడింది లోపలి సంగతి. మట్టి అడుసు గోడ నేల నుంచి తేమ పీల్చి, గాలికి వదిలేస్తూ బతుకుతుంది. దాని ముఖానికి సిమెంటు మూత వేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. అడుగు వరసల్లో అడుసు పేస్టులా అయిపోయింది. నాన్న ఏమీ అనలేదు, గునపం తెచ్చి నా చేతికిచ్చాడు.

సిమెంటు పట్టీల వరకే. మిగతా గోడకు సున్నం గిలాబు, లేదా రాయి కనబడేలా వదిలి జాయింట్లు మాత్రం నింపడం. గోడ అడుగున నీళ్లు నిలవకుండా వాలు చేసుకోండి. స్నానాల నీళ్లు, బోరింగు నీళ్లు గోడ పక్కన ఇంకుతుంటే ఏ పట్టీ కాపాడదు.

దూలాలు తీసేసి ఆ గోడల మీదే స్లాబు వేసుకుంటే?

వద్దు. మట్టి అడుసు రాతి గోడ మీద స్లాబు అంటే ముసలివాడి నెత్తిన బస్తా పెట్టినట్టు. స్లాబు తనకు తాను గట్టిగానే ఉంటుంది, కింద గోడ విరిగితే మొత్తం ఒకే పలకగా దిగుతుంది. పైన ఇంకొక గది కట్టడం ఇంకా అధ్వానం. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండితే ఒక టన్ను, దాన్నైనా పక్కన ఇనుప స్టాండు మీద పెట్టుకోండి.

స్లాబే కావాలంటే పునాది నుంచి పిల్లర్లు లేపి, పాత గోడను అడ్డుగోడగా మాత్రమే ఉంచాలి. అది ఇంజినీరు డ్రాయింగ్‌తో చేయాల్సిన పని.

మాది పెంకుటిల్లు. దానికేం చేయాలి?

కప్పు తేలిక, అది మంచిదే. దిగులు పడాల్సింది రెండు పక్కలా ఉండే ముక్కోణపు గోడల గురించి. వాటిని పైన పట్టుకునేది ఏదీ ఉండదు, మొదట ఊడేవి అవే. ఆ ముక్కోణం వరకు రాయి దించేసి రేకుతోనో చెక్కతోనో మూసేయొచ్చు. వాసాల కింద ఏటవాలుగా, గుణకారం గుర్తు ఆకారంలో చెక్కలు కొట్టండి. దూలం చివరలను ఇనుప పట్టీలతో గోడకు బిగించండి. పెంకులు తీసి రేకులు వేస్తారా అనేది మీ ఇష్టం, మే నెలలో ఆ ఇంట్లో ఉండేది మీరు.

రాయి లేదు, మొత్తం మట్టి గోడ. ఆశ ఉందా?

ఉంది, కానీ తక్కువ. ఐఎస్ 13827 మట్టి ఇండ్ల కోసమే ఉంది. పొడుగు గోడలకు మధ్యలో బయటి వైపు ఆనుడు గోడలు, గోడ పైన చుట్టూ చెక్క పట్టీ, కిందికి జారని తేలిక కప్పు. జాలి వేస్తే రెండు పక్కలా వేసి తీగలతో కుట్టాలి, పైన మట్టి లేదా సున్నం పూత. అడుగున నానిన మట్టి గోడ అయితే అందులో పడుకోవడం మానేయడమే నా సలహా.

ఇటుక, సిమెంటుతో 1985లో కట్టింది. దీనికి భయం లేదు కదా?

రాతి, మట్టి ఇంటికన్నా చాలా నయం. స్లాబు గోడలన్నిటినీ పైన కలిపి పట్టుకుంటుంది. అయినా లింటెల్ తెగకుండా చుట్టూ ఉందా, కిటికీల మీద ముక్కలుగా ఉందా చూడండి. నాలుగున్నర అంగుళాల గోడ మీద స్లాబు బరువు పెట్టి ఉంటే మాత్రం పట్టీలు వేయించండి. ఎత్తుగా లేపిన పిట్టగోడ, కడ్డీ లేని సజ్జ, ఇవి వీధిలో పోయేవాళ్ల మీద పడతాయి.

గడీలు, పాత గుడులు వందల ఏళ్లుగా నిలబడ్డాయి. వాటి సంగతి?

డంగు సున్నంతో కట్టిన గడీ గోడను, మట్టి అడుసు గోడను ఒకే గాటన కట్టొద్దు. ఏళ్లు గడిచేకొద్దీ సున్నం గట్టిపడుతుంది. వనపర్తి సంస్థానం కోటలో పాలిటెక్నిక్ కాలేజీనే పెట్టారు. గడీలకు శత్రువు భూకంపం కన్నా ముందు రావి మొక్క. గోడలో మొలిచిన రావిని పైపైన నరికితే వేరు లావెక్కుతుంది.

రామప్ప గుడిని ఇసుక పునాది మీద కట్టారు కాబట్టి మన పాత ఇండ్లకూ ఏం కాదని ఒకాయన వాదించాడు. కాకతీయుల శిల్పులు ఆ గుడికి ఇసుక పెట్టె పునాది వేశారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. నెత్తిన బరువు తగ్గించాలని వాళ్లకు తెలుసు. మనం మిద్దె మీద ఏటా మట్టి పోస్తున్నాం.

ప్రభుత్వం డబ్బులిస్తుందా? ఇన్సూరెన్స్ ఉందా?

ఇందిరమ్మ ఇండ్ల కింద ఇచ్చే 5 లక్షలు కొత్త ఇల్లు కట్టుకోవడానికి. అట్లా కట్టుకుంటున్నవాళ్లు లింటెల్ బ్యాండును తెగకుండా చుట్టూ పోయించుకోండి, ఆ కాస్త కమ్మీ దగ్గర పీనాసితనం వద్దు. ఇన్సూరెన్స్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో భూకంపం కూడా కవర్ అవుతుంది. తీసుకునేటప్పుడే మీది రాతి, మట్టి గోడల ఇల్లని రాతపూర్వకంగా చెప్పి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత గొడవ ఉండదు.

చేతిలో డబ్బు తక్కువుంటే ఇల్లంతా ఒకేసారి చేయక్కర్లేదు. రాత్రి అందరూ పడుకునే ఒక్క గదితో మొదలుపెట్టండి.

భూమి కదిలినప్పుడు బయటికి ఉరకాలా, మంచం కింద దూరాలా?

రాతి, మట్టి ఇంట్లో తలుపు రెండు మూడు అంగల్లో ఉండి, బయట ఖాళీ వాకిలి ఉంటే బయటికే. బయట ఇరుకు గల్లీ, రెండు పక్కలా పిట్టగోడలు ఉంటే ఉరకొద్దు, గట్టి బల్ల కిందో మంచం కిందో తల దాచుకోండి. భవంతి ఇండ్లలో నడుమ వాకిలి ఉంటుంది, కానీ చుట్టూ ఉన్న గోడలు అందులోకే పడొచ్చు, మధ్యలో నిలబడాలి. ఈ రాత్రే చేయగలిగింది ఒకటుంది. మంచం తల వైపు గోడ నుంచి జరపండి, అటక మీద ఇత్తడి బిందెలు దించేయండి, దర్వాజకు అడ్డంగా బండి పెట్టొద్దు.

ఆగిపోయాక గ్యాస్ బంద్ చేసి బయటే ఉండండి. పెద్ద ఊపుకు వదులైన గోడ తర్వాతి చిన్న ఊపుకు పడుతుంది.

పని ఏ నెలలో పెట్టుకోవాలి?

సంక్రాంతి పోగానే. అప్పటికి గోడల తడి ఆరిపోయి ఉంటుంది, పంట చేతికొస్తుంది, వలస పోయిన మేస్త్రీలు పండక్కి ఊరికొస్తారు. అడ్వాన్సు ఇచ్చి అప్పుడే మాట్లాడుకోండి, మళ్లీ దొరకరు. మట్టి దించడం, త్రూ రాళ్లు ముందు, పట్టీలు తర్వాత. మార్చి దాటితే పాలమూరు ఎండకు సిమెంటు పూత సాయంత్రానికే పాలిపోతుంది, గోనె సంచులు తడిపి వేలాడదీసి పూటకు రెండుసార్లు నీళ్లు కొట్టాలి. ఏం చేసినా మృగశిర కార్తెకు కప్పు మూసి ఉండాలి. మా ఉత్తరపు గోడ పని ఒక ఏడు మే చివరిదాకా సాగింది. తొలకరి రాత్రి మా ఆవిడా నేనూ మిద్దె ఎక్కి, రెండు టార్పాలిన్లు పట్టుకొని తెల్లారేదాకా కూర్చున్నాం.